అమ్మినను వదలని సొత్తు

అమ్ముట యొకటి, వదలించుకొనుట మరియొకటి. సొమ్ము చేతికి వచ్చి, కాగితముపై వ్రాలు పడినంతనే తమ బాధ్యత తీరినదని తలచుట మన పట్టణములందలి విద్యావంతులలో సైతము కానవచ్చు పొరపాటు. ఇల్లమ్మినవాడు పురపాలక సంఘపు కచేరిలో పేరు మార్పింపక యూరకున్నచో పన్ను తాఖీదు పాత పేరుననే వచ్చుచుండును. మోటారు బండి నమ్మి రిజిస్టరులో పేరు మార్పింపని వానినే, ఆ బండి వలన ప్రమాదము సంభవించినపుడు, యజమానునిగా నెంచవలయునని మన సుప్రీముకోర్టు 2018 లో తీర్పు చెప్పినది. కొన్నవాడెవడో, నడపినవాడెవడో, నష్టపరిహారము మాత్రము రిజిస్టరులో పేరున్నవాని మెడకు చుట్టుకొన్నది. ఈ పాఠమునే మరింత కటువుగా నేర్పు సొత్తొకటి యిపుడు మనవారిలో కొందరి చేతులలో నున్నది. దాని పేరు టైంషేరు.

టైంషేరనగా కాలమును పంచుకొని యనుభవించు స్వామ్యము. 1960 తరువాతి దశాబ్దమున ఐరోపాలోని ఆల్ప్సు పర్వతసీమలయందు తలయెత్తి, పిమ్మట అమెరికాకు పాకి, అచ్చట మహావ్యాపారమై విస్తరిల్లినది. విహారస్థలమునందలి వసతిగృహమును సంవత్సరమునకు గల 52 వారములుగా విభజించి, వారమునకొక యజమానుని చొప్పున విక్రయింతురు. కొన్నవాడు తన వారమున వచ్చి యుండవచ్చును. రాకపోయినను నిర్వహణ రుసుము మాత్రము కట్టియే తీరవలయును. ఫ్లారిడా రాష్ట్రమున, ముఖ్యముగా ఓర్లాండో పరిసరములందు, ఇట్టి గృహములు విస్తారముగా గలవు. ఉద్యోగార్థము అమెరికాకేగిన తెలుగువారిలో కొందరు, పిల్లలతో వినోదయాత్రకు పోయినపుడు, ఉచిత కానుకల ఆశ చూపి గంటన్నర కూర్చుండబెట్టిన వర్తకుల మాటలకు లోబడి వీనిని కొనియున్నారు. అట్టివారు స్వదేశమునకు మరలివచ్చి హైదరాబాదుననో విజయవాడననో స్థిరపడిన పిమ్మట వారము ననుభవించు టెట్లు? రుసుము మాత్రము సముద్రములు దాటి యేటేట వచ్చుచునే యుండును. ఏటేట పెరుగుచునే యుండును.

ఇట్టి సొత్తును తిరిగి యమ్మబోయినచో కొన్న వెలలో స్వల్పభాగమైనను వచ్చుట కష్టము. ఒక్క డాలరునకే యమ్మకమునకు పెట్టబడిన వారములును గలవు. వదలిన చాలునను ఆతురత గలవానికంటె మోసగానికి సులభమైన యాహారము వేరొకటి లేదు. “మీ వారమును కొనుటకు సిద్ధముగా నొకరున్నారు; పన్నులకును కాగితములకును ముందుగా కొంత సొమ్ము పంపుడు” అని టెలిఫోనులో తీయగా పలుకుట వీరి మొదటి మెట్టు. పంపినకొలది మరియొక పన్ను, మరియొక జరిమానా పుట్టుచుండును. కొనువాడు మాత్రము పుట్టడు. మెక్సికోలోని టైంషేరుల పేరిట జరిగిన యిట్టి మోసములలో 2019 మొదలు 2023 వరకు సుమారు 6,000 మంది అమెరికనులు, దరిదాపుగా 30 కోట్ల డాలర్లు పోగొట్టుకొన్నట్లు ఫిర్యాదు చేసిరని అమెరికా ప్రభుత్వ శాఖలు 2024 జూలైలో ప్రకటించినవి. వీని వెనుక మాదకద్రవ్యముల ముఠాలున్నవని కూడ ఆ ప్రకటన చెప్పుచున్నది.

ఇట్లగుటచే యజమాని తానుగా నమ్ముకొనుటయే తప్పని కొందరందురు. మేమట్లు తలపము. తెలిసినవానికో, ప్రకటన చూచి వచ్చినవానికో తన సొత్తు నమ్ముకొనుట ప్రతివానికి గల హక్కు. ప్రమాదము బేరమునందు లేదు; క్రమము తప్పుటయందున్నది. కావున ఫ్లారిడాను ఉదాహరణముగా గైకొని ఆ క్రమమును మా పాఠకుల యెదుట నుంచుచున్నాము.

మొట్టమొదట తనకున్నదేమో తాను తెలిసికొనవలయును. టైంషేరులన్నియు నొక జాతివి కావు. కొన్నిటికి స్థిరాస్తికి వలెనే రిజిస్టరయిన విక్రయపత్రము గలదు. కొన్ని నిర్ణీత సంవత్సరములవరకు అనుభవించు హక్కు మాత్రమే, గుత్త వంటివి. మరికొన్ని పాయింట్ల లెక్కన నడచునవి. పత్రమును పెట్టెలోనుండి తీసి, గది సంఖ్య, వారపు సంఖ్య, హక్కు ఏటేటనా లేక యేడు విడిచి యేడా యను సంగతి, యజమానుల పేర్లు, అక్షరము తప్పకుండ చూచుకొనవలయును. భార్యాభర్తలిరువురి పేర నున్నదానిని భర్త యొక్కడే యమ్మజాలడు. యజమానులలో నొకరు గతించియున్నచో వారి భాగ మెవరికి చెందినదో ఆ రాష్ట్రపు చట్టము ననుసరించి ముందుగా తేల్చుకొనక బేరమునకు దిగరాదు.

రెండవది బాకీల సంగతి. కొన్ననాటి ఋణము మిగిలియున్నదా, రుసుములు బకాయి పడినవా, మరమ్మతులకై ప్రత్యేకముగా విధించిన సొమ్మేమైన గలదా, ఈ యేటి వారము ఇదివరకే వాడుకొనబడినదా యను ప్రశ్నలకు విహారస్థల యజమానుల సంఘమునుండి వ్రాతమూలకమైన జవాబు తెప్పించుకొనవలయును. దీనిని అచ్చట ఎస్టాపెల్ పత్రమందురు. కచేరి గుమాస్తా నోటిమాట యిందుకు చాలదు. కొనువాడును, విక్రేత యనుమతితో, ఈ పత్రమును సూటిగా సంఘమునుండియే పొందుట యుచితము. విక్రేత జేబులోనుండి తీసి చూపిన కాగితమును నమ్ముట కంటె ఇది మేలు.

మూడవది మొదటి కొనుగోలు హక్కు. పెక్కు విహారస్థలములలో, బయటివానికి కుదిరిన వెలకే తాము కొనుక్కొను హక్కును గృహనిర్మాతలు తమకు నిలుపుకొనియున్నారు. ఒప్పందపు నకలును వారికి పంపి, ఆ హక్కును వినియోగింపమని వారు వ్రాసియిచ్చిన పిమ్మటనే ముందునకు సాగవలయును. కొన్ని సంస్థలు తమవద్ద కొన్నవారికిచ్చు సౌకర్యములను చేతులు మారి కొన్నవారికీయవు. ఈ సంగతిని దాచి యమ్ముట ధర్మము కాదు. దాచినచో తగాదా తప్పదు.

నాలుగవది ఒప్పందము. వెల యెంత, రిజిస్టరు ఖర్చులును సంఘమునకు కట్టవలసిన బదిలీ రుసుమును ఎవరివి, ఈ సంవత్సరపు నిర్వహణ రుసుము ఎవరు భరింతురు, ఈ యేటి వారము ఎవరిది, ఏ తేదీలోపల ముగియవలయును అను నంశములన్నియు స్పష్టముగా వ్రాసికొని, యజమానులందరును వ్రాలు చేయవలయును. స్నేహము గలచోట వ్రాత యెందుకని మనవారందురు. స్నేహము నిలువవలయు ననియే వ్రాత యని మేమందుము.

అయిదవది సొమ్ము. కొనువాడు ముందుగా నిచ్చిన నతనికి భయము. విక్రేత ముందుగా పత్రము వ్రాసియిచ్చిన నితనికి భయము. ఈ రెండు భయములను తీర్చుటకే ఎస్క్రో యను మధ్యస్థ నిక్షేప పద్ధతి యేర్పడినది. సొమ్ము ప్రభుత్వపు అనుమతి గల టైటిలు కంపెనీవద్దనో వకీలువద్దనో యుండును. పత్రము రిజిస్టరయిన పిదపనే విక్రేతకు చేరును. అయితే ఆ మధ్యస్థుని మనమే వెదకి, అతని లైసెన్సును రాష్ట్రపు అధికార శాఖయొద్ద మనమే పరీక్షించుకొనవలయును. మనలను వెదకికొని వచ్చిన మధ్యస్థుడు మధ్యస్థుడు కాడు. నకిలీ ఎస్క్రో కచేరులు మోసగాండ్రకు పాత యాయుధములు.

ఆరవది విక్రయపత్రము. పూచీతో నిచ్చు పత్రము వేరు, క్విట్‌క్లెయిము వేరు. ఈ రెండవదానిలో విక్రేత తనకేదైన హక్కున్నచో దానిని వదలుకొనుచున్నాననునే కాని, హక్కున్నదని పూచీ పడడు. కొనువా డీ భేదము నెరుగవలయును. ఫ్లారిడాలో విక్రేత యిద్దరు సాక్షుల యెదుట వ్రాలు చేయవలయును. నోటరీ యెదుట దానిని ధ్రువపరుపవలయును. వెలలో నూరు డాలర్లకు 70 సెంట్ల చొప్పున స్టాంపు పన్ను గలదు. మయామీ డేడు జిల్లాలో మాత్రము రేటు వేరు. పత్రమును విక్రేత యున్న యూర గాక, విహారస్థలమున్న జిల్లా కచేరిలోనే రిజిస్టరు చేయింపవలయును. మన దేశమునుండి వ్రాలు చేయువారు అమెరికా కాన్సలు కచేరిలో ధ్రువపరుపించుకొనవచ్చును. అపొస్టిలు ముద్ర పొందిన పత్రముల విషయమును ముందుగా ఆ టైటిలు కంపెనీతో విచారించుకొనవలయును. భారతదేశము 2005 నుండి ఆ ఒడంబడికలో చేరియున్నది. విదేశీయుడైన విక్రేత స్థిరాస్తి నమ్మినపుడు, కొన్ని మినహాయింపులకు లోబడి, కొనువాడు వెలలో నూటికి 15 చొప్పున పట్టి ప్రభుత్వమునకు కట్టవలయునను అమెరికా పన్ను నియమమును మరువరాదు. సొంత విహారమునకై వాడుకొన్న టైంషేరును నష్టమునకమ్మినచో ఆ నష్టమును పన్ను లెక్కలో తగ్గించుకొనుటకు వీలులేదు.

ఏడవదియే యెల్లరు మరచునది. రిజిస్టరయిన పత్రపు నకలును సంఘమునకు పంపి, బదిలీ రుసుము చెల్లించి, “ఖాతా క్రొత్త యజమాని పేర మారినది, పాతవారికి బాకీ లేదు” అని వ్రాతమూలకముగా బదులు తెప్పించుకొనవలయును. ఆ జాబు చేతికి వచ్చువరకు అమ్మకము పూర్తికాలేదనియే యెంచవలయును. దీనికి ముందే నిశ్చింతగా కూర్చుండువాడు ఏరు దాటకమునుపే తెప్ప తగులబెట్టినవాడు.

ఇందు మరియొక గోతిని గూర్చి హెచ్చరింపక తప్పదు. డబ్బు పుచ్చుకొని మీ టైంషేరును మాపేర వ్రాయించుకొందుమని చెప్పు కంపెనీలు కొన్ని గలవు. అవి ఆస్తి యేమియు లేని పేరుమాత్రపు సంస్థలకు వారములను బదిలీ చేసి, రుసుములు కట్టక వదలివేయును. అట్టి బదిలీని సంఘము న్యాయస్థానమునందు ప్రశ్నించినచో భారము తిరిగి పాత యజమానిపై బడవచ్చును. కాబట్టి కొనువాడు నిజముగా నుండు మనుష్యుడేనా, రుసుము భరింపగలవాడేనా యని చూచుట విక్రేతకే క్షేమము. కొనువాడే దొరకనిచో, సొత్తును తిరిగి పుచ్చుకొను పద్ధతి యేమైన గలదా యని విహారస్థలమువారినే మొదట అడుగుట మంచిది.

ఇక మన దేశపు సంగతి. ఇచ్చట విహార సంఘములవా రమ్మునది చాలవరకు నిర్ణీత సంవత్సరముల సభ్యత్వపు ఒడంబడిక, స్థిరాస్తి కాదు. నూరు రూపాయలకు తక్కువ కాని స్థిరాస్తి రిజిస్టరు దస్తావేజు చేతనే విక్రయింపబడవలయునని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టపు 54వ సెక్షను చెప్పుచున్నది. ముక్త్యారునామాలతో జరుపు అమ్మకములు స్వామ్యము నీయవని సుప్రీముకోర్టు 2011 లో స్పష్టపరచినది. సభ్యత్వమున కీ రక్షణ లేదు. అది మారుటకు సంస్థ సమ్మతియు దాని చిట్టాలో పేరు మార్పుమే యాధారములు. సంస్థ యన్యాయము చేసినచో 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము క్రింద జిల్లా కమిషను నాశ్రయింపవచ్చును గాని, అది వ్రణమునకు కట్టు కట్టుటయే కాని గాయము కాకుండ కాచుట కాదు.

ఐరోపా సమాజము 2009 లో చేసిన శాసనము ఈ విషయమున మనకు ఆదర్శప్రాయము. కొన్నవానికి 14 దినములలోపల కారణము చెప్పకయే మరలుకొను హక్కు నది యిచ్చినది. తిరుగు అమ్మకమును కుదుర్తుమను దళారులు, అమ్మకము జరుగునంతవరకు ఒక్క కాసైనను ముందుగా పుచ్చుకొనరాదని నిషేధించినది. ఫ్లారిడాయును నిర్మాతయొద్ద కొన్నవానికి 10 దినముల గడువిచ్చుచున్నది. మన పార్లమెంటు ఇట్టి నియమములను మన విహార సభ్యత్వములకు వర్తింపజేసి, పేరు మార్పునకు గడువును, రుసుమునకు పరిమితిని నిర్ణయించుట యవసరమని మేము తలచుచున్నాము. లోనికి వచ్చుటకు నూరు ద్వారములు తెరచి, వెలికి పోవుట కొక్క ద్వారమైనను చూపని వ్యాపారము ధర్మబద్ధమైన వ్యాపారము కాదు.

శాసనము వచ్చువరకు మన వివేకమే మనకు శాసనము. అడుసు త్రొక్కనేల, కాలు కడుగనేల యను పెద్దల మాట కొనబోవువారికి చాలును. ఇదివరకే త్రొక్కినవారికి మా హితవొక్కటి: ముందుగా సొమ్మడిగినవానికి ఈయకుడు, వ్రాత లేని మాటను నమ్మకుడు, చిట్టాలో మీ పేరు తొలగినదని కన్నులార చదువుకొనువరకు అమ్మితిమని చెప్పుకొనకుడు. మన బిడ్డలకు పొలమో, పుస్తకములో, మంచి పేరో విడిచిపోవుట మన యాచారము. దూరదేశపు వారమొకదాని తీరని రుసుమును విడిచిపోవుట మనకు తగదు.