వృద్ధి సరే, ఉద్యోగం ఏదీ?

దేశం ఎదిగితే ఉద్యోగాలు వాటంతట అవే వస్తాయని ఎప్పటినుంచో వింటున్నాం. నిజంగా వస్తున్నాయా?

2023-24లో మన ఆర్థిక వృద్ధి 8 శాతం దాటిందని అప్పట్లో లెక్కగట్టారు. ప్రభుత్వ సర్వే ప్రకారం ఆ ఏడాది నిరుద్యోగం 3.2 శాతం. అంతకు ముందు ఏడాదీ సరిగ్గా అంతే! 15-29 ఏళ్ల వాళ్లలో అయితే 10 నుంచి 10.2 శాతానికి పెరిగింది కూడా.

‘3.2 అంటే తక్కువే కదా’ అంటారేమో. అక్కడే ఉంది కిటుకు. నాన్న కిరాణా కొట్లో జీతం లేకుండా కూర్చునే బీటెక్ కుర్రాడు కూడా ఆ లెక్కలో పని ఉన్నవాడే. పేదింట్లో ఖాళీగా కూర్చునే స్తోమత ఎవరికుంది చెప్పండి? ఆటో అయినా తోలాలి, పార్సిల్ అయినా మొయ్యాలి. పని చేస్తున్నవాళ్లలో క్రమం తప్పని జీతం ఉన్నవాళ్లు 100కి 22 మంది కూడా లేరని ఆ సర్వేనే చెబుతోంది. కాబట్టి పని ఉందా లేదా అన్నది కాదు, ఎలాంటి పని అన్నదే అసలు ప్రశ్న.

మన విశాఖనే చూడండి. ఉక్కు కోసం 1966లో జరిగిన ఉద్యమంలో 32 మంది ప్రాణాలిచ్చారు. ప్లాంటు కోసం 64 ఊళ్లు భూములిచ్చాయి. ప్లాంటు వచ్చింది, గాజువాక, కూర్మన్నపాలెం ఊళ్లు పోయి పట్నాలయ్యాయి. ఒక్క పర్మినెంటు ఉద్యోగం వెనక ఓ అద్దె ఇల్లు, ఓ టిఫిన్ బండి, ఓ ట్యూషన్ మాస్టారు బతికారు. వృద్ధి కడుపు నింపడమంటే అదీ. కానీ నిర్వాసితుల్లో వేలమంది చేతిలో ఆర్ కార్డు ఉంది, ఉద్యోగం మాత్రం రాలేదు. 2021లో ప్రైవేటీకరణ మాట వచ్చింది. 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది. సంతోషం! అయితే ఆ మే నెలలోనే కాంట్రాక్టు కార్మికులు తొలగింపులు ఆపమంటూ సమ్మెకు దిగారు.

ఇప్పుడు గూగుల్ వంతు. అయిదేళ్లలో 1500 కోట్ల డాలర్ల పెట్టుబడి అని 2025 అక్టోబరులో ప్రకటించారు. రావద్దని ఎవరంటారు? కానీ డేటా సెంటర్ కట్టేటప్పుడు కావలసినంతమంది, నడిచేటప్పుడు అక్కర్లేదు. కరెంటు మాత్రం రాత్రీపగలూ కావాలి.

అందుకే ఇకమీదట ఎన్ని కోట్లు వచ్చాయని మాత్రమే అడిగి ఊరుకోవద్దు. కట్టడం అయిపోయాక పర్మినెంటు ఉద్యోగాలెన్ని? భూమి ఇచ్చినవాళ్లకు ఎన్ని? కేబుళ్లు, కూలింగ్ యంత్రాలు, రిపేర్ల పని ఇక్కడి చిన్న పరిశ్రమలకు దక్కుతుందా? కంచరపాలెం ఐటీఐ పిల్లలకు ఆ పని ఇప్పటినుంచే నేర్పిస్తారా? ఒప్పందం కాగితం మీద ఈ అంకెలు కూడా రాయించాలి. సంతకాలయ్యాక అడిగితే వినేవాడుండడు.