ముసలివారికి జ్వరమొస్తే సత్తువ చూడాలి

శ్రీముఖలింగంలో కార్తీక సోమవారంనాడు తెల్లవారకముందే వంశధారలో మునిగి, తడిబట్టలతో మధుకేశ్వరుని గుడికి నడిచివచ్చే డెబ్బయి అయిదేళ్ల వారున్నారు. అదే వయసులో మంచం దిగి వాకిట్లోకి రావడానికి మనిషి చేయి పట్టవలసినవారూ ఉన్నారు. ఈ ఇద్దరికీ ఒకే వైరస్ జ్వరం సోకి ఒకే ఆసుపత్రిలో చేరితే చీటీలో రాసేది మాత్రం ఒక్కటే: వయసు 75. రెండో మనిషికి ఉన్న ప్రమాదం ఆ అంకెలో కనిపించదు.

ఈ సంగతి కరోనా కాలంలో తేటతెల్లమయింది. 2020లో బ్రిటన్‌లోని 10 ఆసుపత్రులలో, ఇటలీలోని ఒక ఆసుపత్రిలో చేరిన 1,564 మంది కరోనా రోగులను వైద్యులు పరిశీలించారు. ఎవరు బతికి బయటపడతారు, ఎన్నాళ్లు మంచం పట్టి ఉంటారు అన్నది వయసుకంటె, పాత జబ్బులకంటె, జబ్బుకు ముందు మనిషిలో ఉన్న సత్తువను బట్టే ఎక్కువగా తెలిసిందని వారు తేల్చారు.

సత్తువను కొలిచేందుకు పెద్ద యంత్రాలు అక్కరలేదు. కెనడాలో రాక్‌వుడ్ అనే వైద్యుడు, ఆయన సహచరులు 2005లో ఒక కొలమానం తయారు చేశారు. తర్వాత దానిని 9 మెట్లు చేశారు. అందులో అడిగేవి మామూలు ప్రశ్నలే. తనంతట తాను నడుస్తాడా? స్నానానికి సాయం కావాలా? వంట, బజారు పనులు చేసుకోగలడా? అయితే ఇవన్నీ జబ్బు పడడానికి రెండు వారాల ముందటి స్థితి గురించి అడగాలి. జ్వరంతో మూలుగుతున్నప్పుడు ఎవరైనా బలహీనంగానే కనిపిస్తారు.

మన జిల్లాకు చిక్కు వచ్చేది ఇక్కడే. కొడుకులు, కోడళ్లు కూలికోసం విశాఖపట్నం, హైదరాబాదు, మద్రాసు వెళ్లిపోగా ఊళ్లో మిగిలేది ముసలివారే. 45 కిలోమీటర్లకు పైగా ఉన్న శ్రీకాకుళం ఆసుపత్రికి తోడుగా వెళ్లేది పొరుగింటివారు కావచ్చు. "మొన్నటిదాకా ఎలా ఉండేవాడు?" అని డాక్టరు అడిగితే చెప్పేవారెవరు?

కనుక ఆ జవాబు ముందే రాసి ఉండాలి. గ్రామంలో 65 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరి నడక, తిండి, బరువు, ఈమధ్య ఎక్కడైనా పడిపోయారా అన్న సంగతులు ఆశా కార్యకర్తలు ఆరునెలలకొకసారి ఒక చీటీలో రాసి ఇంట్లో ఉంచితే చాలు. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు ఆ చీటీయే మాట్లాడుతుంది. ఈ అదనపు పనికి ఆశా కార్యకర్తలకు తగిన ప్రతిఫలం కూడా ఇవ్వాలి.

ఇంటివారు గమనించవలసినవీ కొన్ని ఉన్నాయి. ముసలివారికి వైరస్ సోకినా ఒక్కొక్కప్పుడు ఒళ్లు కాలదు. ఉన్నట్టుండి మాట తడబడడం, మనుషులను పోల్చుకోలేకపోవడం, అన్నం మానేయడం, తూలి పడిపోవడం వంటివే మొదటి గుర్తులు కావచ్చు. ముసలితనం ముదిరిందని ఊరుకోక వెంటనే వైద్యునికి చూపాలి. ఉద్దానం కిడ్నీ జబ్బు పీడిస్తున్న జిల్లా ఇది. డాక్టరు చెప్పకుండా నొప్పి బిళ్లలు మింగించరాదు.

ఆసుపత్రిలో చేర్చాక పడుకోబెట్టి ఉంచడమే సేవ అనుకోరాదు. ఆరోగ్యంగా ఉన్న ముసలివారే 10 రోజులు మంచం మీద ఉంటే కాళ్లలో కిలో వరకు కండ తగ్గుతుందని పరిశోధనలో తేలింది. రోగి సంగతి చెప్పనక్కరలేదు. డాక్టరు ఒప్పుకున్నంత మేరకు కూర్చోబెట్టాలి, నాలుగడుగులు వేయించాలి. వేళకు చోడి అంబలో, గుడ్డో, పప్పన్నమో తినిపించాలి. కళ్లజోడు, కర్ర ఇంటిదగ్గర మరచిపోరాదు.

ఒక హెచ్చరిక కూడా అవసరం. బలహీనుడని తేలితే మంచం ఇవ్వకుండా పంపేందుకు ఈ కొలత సాకు కాకూడదు. 2020 మార్చిలో బ్రిటన్‌లో అత్యవసర చికిత్స నిర్ణయాలకు దీనిని వాడాలని సూచించినప్పుడు వికలాంగుల తరఫున ఆందోళన రాగా, కొద్ది రోజులలోనే ఆ సూచనను సవరించవలసి వచ్చింది. సత్తువ తక్కువ ఉన్నవానికి సేవ ఎక్కువ కావాలి. కొలత అందుకే.

వృద్ధుల ఆరోగ్యానికి కేంద్ర ప్రభుత్వం 2010-11లో ఒక జాతీయ కార్యక్రమం ప్రారంభించింది. జిల్లా ఆసుపత్రిలో వృద్ధులకు ప్రత్యేకంగా 10 మంచాలు ఉండాలని అందులో ఉంది. మన జిల్లాలో ఆ మంచాలు ఎక్కడున్నాయో, ఎందరికి ఉపయోగపడుతున్నాయో జిల్లా వైద్యాధికారులు ప్రజలకు తెలియజేయాలి. లేకుంటే తక్షణం ఏర్పాటు చేయాలి. "పోయే వయసే కదా" అనే మాట ఇంట్లోనూ, ఆసుపత్రిలోనూ వినిపించకూడదు. జీవితమంతా మళ్లలో నడుం వంచినవారికి ఈపాటి శ్రద్ధ దక్కవలసి ఉన్నది.