అమృత విలాస్‌ను నిలబెట్టింది ఎవరు?

మొన్నొక మిత్రుడితో మాటల మధ్య 'అమృతం' ధారావాహిక ప్రస్తావన వచ్చింది. అందులోని హాస్యమంతా పాత్రలదేననీ, హోటలు కేవలం ఒక నెపమనీ, దాని బదులు కిరాణా కొట్టు పెట్టినా, ఫోటో స్టూడియో పెట్టినా అమృతరావూ ఆంజనేయులూ అంతే నవ్వించి ఉండేవారనీ ఆయన వాదన. నేను కాదన్నాను. ఎందుకు కాదన్నానో అప్పటికప్పుడు చెప్పలేకపోయాను. ఇంటికొచ్చాక ఒక్కొక్కటే తోచింది. ఆయన ఈ టపా చదువుతారనే ఆశతో రాస్తున్నాను.

ముందు, మరచిపోయినవారి కోసం రెండు ముక్కలు. 2001 నవంబరులో జెమినీ టీవీలో మొదలై 2007 దాకా, 313 భాగాలుగా వచ్చిన హాస్య ధారావాహిక అది. రూపకర్త గుణ్ణం గంగరాజు. అమృతం, ఆంజనేయులు అనే ఇద్దరు స్నేహితులు 'అమృత విలాస్' అనే హోటలు నడుపుతుంటారు. ఇద్దరూ అద్దెకుండేది అప్పాజీ గారింట్లోనే. హోటల్లో సర్వం అనే సర్వరు. ఒకరికి ఎప్పుడూ డబ్బు గడించే ఉపాయం తోస్తూ ఉంటుంది, మరొకరు గొణుగుతూనే దానికి తలొగ్గుతారు, వారం తిరిగేసరికి ఇద్దరూ మొదటికొస్తారు. కథంతా ఇంతే.

నా మిత్రుడి వాదనకు అడ్డు వచ్చే విషయం ఒకటుంది. ఆ ఆరేళ్ళలో అమృతం పాత్రధారి ఒకరు కాదు, ముగ్గురు. మొదట శివాజీ రాజా, తరువాత నరేష్, ఆ తరువాత హర్షవర్ధన్. ఏడుపు ధారావాహికల్లో ఇలా మనుషులు మారడం మనకు అలవాటే. కానీ హాస్యం వేరు. నవ్వు చాలావరకు ముఖాన్నీ, మాట విరుపునూ పట్టుకుని ఉంటుంది. శివాజీ రాజాది ఒక అమాయకత్వం. నరేష్‌ది తెలియనిదాన్ని కూడా తెలిసినట్టు చెప్పే ధీమా. హర్షవర్ధన్‌ది తడబాటులోంచి పుట్టే హడావుడి. ముగ్గురికీ పోలికే లేదు. అయినా కథానాయకుడు మారిన రెండు మూడు వారాలకే మనం కుదురుకున్నాం. పాత్రే సర్వస్వమైతే ఇది జరగకూడదు కదా!

నాకు తోచిన కారణం ఇది. అమృతం మనిషి కంటే ఎక్కువగా ఒక స్థానం. ఆ హోటల్లోకి ఎవరో ఒకరు ఒక ఆలోచనతో రావాలి. ఆ ఆలోచన విని బెంబేలెత్తే ఒకరు అప్పటికే అక్కడ ఉండాలి. అద్దె అడిగేవారు సరిగ్గా అప్పుడే ఎదురుపడాలి. ఈ ముగ్గురి మధ్య దూరాలు సరిగ్గా ఉన్నంతకాలం ఆలోచన ఎవరి నోట వచ్చినా నవ్వు పుడుతుంది. ఆ దూరాలను కొలిచి పెట్టింది హోటలు.

అయితే హోటలే ఎందుకు? ఇక్కడ సొంత సంగతి చెప్పక తప్పదు. మా పెదనాన్న గారు కృష్ణా జిల్లాలో ఒక చిన్న పట్టణంలో, బస్టాండు ఎదుట, ఆరు బల్లల హోటలు నడిపారు. వేసవి సెలవుల్లో గల్లాపెట్టె దగ్గర కూర్చుని చిల్లర లెక్కపెట్టడం నా ఉద్యోగం. తెల్లవారుజామున నాలుగింటికి పొయ్యి వెలిగేది. తొమ్మిదిన్నరకి ఇడ్లీ అయిపోయేది. పదకొండు గంటల వేళ కాఫీ ఒకటి చెప్పి రెండు గంటలు కూర్చునే మనుషులు ఉండేవారు. ఒకాయన కూతురి పెళ్ళి సంబంధాల జాతకాలు తెచ్చేవారు, ఇంకొకాయన కోర్టు కాగితాలు తెచ్చేవారు. అడిగినా అడగకపోయినా పెదనాన్న గారు వాటన్నిటిలోనూ తలదూర్చవలసి వచ్చేది.

కిరాణా కొట్టులో ఇది జరగదు. అక్కడ మనిషి నిలబడతాడు, సరుకు తీసుకుంటాడు, వెళ్ళిపోతాడు. హోటల్లో కూర్చుంటాడు. అనుమతి అడగకుండా ఎవరైనా లోపలికి రావచ్చు, కాఫీ చెప్పినంత మాత్రాన తన గొడవ మొత్తం బల్ల మీద పరచవచ్చు. వారానికొక కొత్త చిక్కు కావలసిన రచయితకు ఇంతకంటే ఏం కావాలి?

రెండోది ఇంకా ముఖ్యం. హోటలు సరుకు సాయంత్రానికి పాడైపోతుంది. మిగిలిన పిండి పులుస్తుంది, మిగిలిన సాంబారు పారబోయాలి. నష్టం ఆ రోజుకారోజు తేలిపోతుంది. మర్నాడు మళ్ళీ కొత్త పిండి. ప్రతి ఆదివారం సర్వనాశనమై, పై ఆదివారానికి ఏమీ జరగనట్టు అమృతం గల్లాపెట్టె వెనక కనిపిస్తే మనకు ఎబ్బెట్టుగా తోచలేదంటే, ఆ వృత్తి నడకే అంత కాబట్టి. ఫోటో స్టూడియోకి ఆ మర్నాడు లేదు.

నిజం చెప్పాలంటే అమృత విలాస్ నిజమైన హోటల్లా ఎప్పుడూ కనిపించలేదు. పొగ లేదు, చెమట లేదు, వంటింటి పని దాదాపు లేదు. పెదనాన్న గారు ఈ ధారావాహిక ఒక్క ఆదివారం కూడా వదలకుండా చూసేవారు గానీ, "వీళ్ళ హోటల్లో గిన్నెలు ఎవరు కడుగుతారురా?" అని ప్రతిసారీ అడిగేవారు. :) పరిసరం అంటే రేకు డబ్బాలూ బల్లలూ కాదని అప్పుడు అర్థమైంది. ఎవరు ఎవరిని వదిలి పోలేరో చెప్పేదే పరిసరం. భాగస్వామిని వదలలేరు, ఇల్లు ఖాళీ చేయలేరు, సర్వాన్ని మానిపించలేరు.

ఆశ్చర్యమేమంటే అదే 2001లో, ఇంకో రెండు చోట్ల ఇదే ప్రశ్నకు వేరే జవాబులు వచ్చాయి. సబ్ టీవీలో హిందీ 'ఆఫీస్ ఆఫీస్'. అందులో ముసద్దీలాల్‌గా పంకజ్ కపూర్. అక్కడ లెక్క తిరగబడింది. కార్యాలయంలో చిక్కుకున్నది ఉద్యోగి కాదు, పని మీద వచ్చినవాడు. అందులోని గొప్ప ఊహ మరొకటి ఉంది. వారం వారం కార్యాలయం మారుతుంది, లోపలి మనుషులు మాత్రం మారరు. అదే పాన్ నమిలే శుక్లా, అదే సమోసాల భాటియా, అదే "రెండు విషయాలు" చెప్పే పటేల్, అదే ఉషా గారు. బోర్డు ఏదైనా బల్ల వెనక వీళ్ళే. అమృతంలో స్థలం నిలిచి ముఖం మారితే, ఇక్కడ ముఖాలు నిలిచి స్థలం మారింది. బల్లకు ఇవతల నిలబడినవాడికి కార్యాలయాలన్నీ ఒక్కలాగే కనిపిస్తాయన్న సత్యాన్ని ఒక్క సంభాషణ లేకుండా పాత్రధారుల ఎంపికతోనే చెప్పారు. ఊతపదాలు మరీ అరగదీశారన్నది నా ఫిర్యాదు, అది వేరే సంగతి.

ఇక బీబీసీలో రికీ జర్వేస్, స్టీఫెన్ మర్చంట్ కలిసి తీసిన 'ది ఆఫీస్'. లండను దగ్గరి స్లౌ అనే ఊళ్ళో కాగితాలమ్మే ఒక సంస్థ శాఖ. ఉద్యోగాలు పోతాయన్న భయం మొదటి భాగం నుంచీ గదిలో ఉంటుంది, వెనక నుంచి నవ్వుల చప్పుడు ఉండదు. డేవిడ్ బ్రెంట్ లాంటి అధికారిని ఎవరైనా భరించేది ఆ భయం వల్లనే. ఆరేసి భాగాల రెండు వరుసలు, 2003లో రెండు క్రిస్మస్ భాగాలు, అంతే. దాన్ని 2005లో అమెరికాలో స్క్రాంటన్‌కు తరలించినప్పుడు మొదటి భాగాన్ని దాదాపు యథాతథంగా తీశారు. అతకలేదు. రెండో ఏటి నుంచి మైకేల్ స్కాట్‌ను మెత్తబరచి, మనిషి తెలివితక్కువవాడైనా సరుకు అమ్మడంలో మాత్రం నేర్పరి అని చూపించాకే నిలదొక్కుకుంది. 2013 దాకా 201 భాగాలు నడిచింది. పధ్నాలుగు భాగాలు భరించగలిగిన మనిషిని రెండువందల భాగాలు మన ఇంటికి పిలవలేం. ఊరూ, కొలతా మారితే స్వభావం మారక తప్పలేదు.

మళ్ళీ మన హోటలుకు వద్దాం. 2014లో గంగరాజు గారే 'చందమామలో అమృతం' అనే సినిమా తీశారు. పేరుకు తగ్గట్టే అమృతాన్నీ ఆంజనేయులునూ చందమామ మీదికి పంపారు. నా మటుకు నాకు నవ్వు రాలేదు. అక్కడ దారిన పోయేవాడు లోపలికి రాడు, నెల తిరిగితే అద్దె భయం లేదు. ఇద్దరు స్నేహితులు మాత్రమే మిగిలారు, ఇద్దరు స్నేహితులు చాలలేదు. ఇక్కడితో నా మిత్రుడి మీద నాదే పైచేయి అనుకుని ఆపేయవచ్చు.

ఆపలేకపోవడానికి కారణం ఆంజనేయులు. అమృతాలు ముగ్గురు మారినా మొదటి నుంచి చివరి దాకా ఆంజనేయులు ఒక్కరే, గుండు హనుమంతరావు గారు. 2018లో ఆయన కాలం చేశారు. 2020 ఉగాది నాడు, అంటే మార్చి 25న, దేశమంతా తలుపులు మూసుకుని హోటళ్ళన్నీ చల్లారిన రోజున, జీ5లో 'అమృతం ద్వితీయం' మొదలైంది. హోటలుంది, హర్షవర్ధన్ ఉన్నారు, అప్పాజీగా శివన్నారాయణ ఉన్నారు, సర్వంగా వాసు ఇంటూరి ఉన్నారు. ఆంజనేయులుగా ఎల్.బి.శ్రీరామ్ గారు. ఆయన నటనకు నేను వంక పెట్టలేను. నా సిద్ధాంతం ప్రకారం రెండు వారాల్లో కుదురుకోవలసింది. కుదురుకోలేదు. ప్రతి సన్నివేశంలోనూ గల్లాపెట్టె పక్కన ఇంకో గొంతు కోసం చెవి వెతుకుతూనే ఉంది.

పెదనాన్న గారి హోటలు ఎందుకు మూతపడిందో చెప్పలేదు. ఒక పండుగ నెల లెక్కల్లో తేడా వచ్చి భాగస్వామితో మాటపోయింది. ఇద్దరూ ఒకే వీధిలో పదకొండేళ్ళు పలకరించుకోకుండా బతికారు. అమృతం చూస్తూ ఆయన ఉపాయాలకు నవ్వేవారు కారు, ఆలోచన విన్న తరువాత ఆంజనేయులు తల పట్టుకుని, మరుక్షణం "సరే" అన్నప్పుడు నవ్వేవారు. ఎందుకని అడగాలని ఆ రోజుల్లో నాకు తోచలేదు.