మేరేర్ రాసిపెట్టిన లెక్కలు

పిరమిడ్ అనగానే కొరడా దెబ్బలు తింటూ బండలు లాగే బానిసలు కళ్లముందు మెదులుతారు. ఆ బొమ్మ గీసింది చాలావరకు సినిమాలే. గిజాలో ఖుఫూ రాజు పిరమిడ్ లేచిన రెండు వేల ఏళ్లకు అక్కడికి వెళ్లిన గ్రీకు చరిత్రకారుడు హెరడోటస్, లక్షమంది కట్టారని విన్నది విన్నట్టు రాశాడు.

2013లో ఎర్రసముద్రం ఒడ్డున, వాదీ అల్-జర్ఫ్‌లో, ఆ నిర్మాణం నాటి పపైరస్ పత్రాలే దొరికాయి. మేరేర్ అనే అధికారి దినచర్య వాటిలో ఉంది. తూరా గనుల్లో తెల్ల సున్నపురాయి పడవకెక్కించడం, నైలు మీదుగా గిజాకు చేర్చడం, రాత్రి ఎక్కడ బస చేశారో రాయడం, అంతే. గొప్పలేమీ లేవు. నాకు నచ్చిందీ అదే. కూలీలకు అందిన తిండిగింజల లెక్కలు కూడా ఆ పత్రాల్లోనే ఉన్నాయి.

గిజాలో బయటపడ్డ పనివాళ్ల సమాధులదీ వాళ్లు బానిసలు కారన్న సాక్ష్యమే. విరిగి, కట్టు కట్టాక అతుక్కున్న ఎముకలు వాటిలో కనిపించాయి. బానిసలైతే రాజు పిరమిడ్ పక్కన సమాధులు దక్కేవా?

అయితే బండల్ని అంతెత్తుకు ఎక్కించిన ఏటవాలు దారి తిన్నగా సాగిందా, చుట్టూ తిరిగిందా అన్న తగువు పండితుల్లో ఇంకా తెగలేదు. ఈ సంచికలో రెండు వాదాలకూ చోటిచ్చాం, గ్రహాంతరవాసులకు మాత్రం ఇవ్వలేదు. చదివి, మీరు ఎటువైపో ఉత్తరం రాయండి.