నడిసముద్రంలో నాలుగు ముక్కలు



పోయిన వారం నంద్యాల దగ్గర పల్లె నుంచి ఒక చెల్లెలు ఉత్తరం రాసింది. కొడుకూ కోడలూ సింగపూరులో ఉన్నారట. ఈసారి వస్తే ఓడ ఎక్కించి నాలుగు రోజులు సముద్రంలో తిప్పుతామంటున్నారట. "అక్కా, నడిసముద్రంలో ఫోన్ పలకదంటనే! కోడలు నాకు పుస్తకాలు చదువుకునే పలక ఒకటి కొనిచ్చింది. దాంట్లోనే నెట్టు వస్తాదంట. దానితో ఇంటికి కబురు పంపొచ్చునా?" అని అడిగింది.

మన కర్నూలు, కడప జిల్లాల ఆడవాళ్ళకు ఓడ మాట కొత్తే. అట్లని మన సీమకు పడవలు అసలే తెలియవనుకోవద్దు. 1863 నుంచి 1870 వరకు తవ్విన కర్నూలు - కడప కాలువ, అదేనమ్మా, మన కేసీ కాలువ, పైర్లకు నీళ్ళివ్వడానికే కాదు, పడవలు నడపడానికి కూడా తవ్వినదే. ఆ పడవలు పోయి చాలా కాలమైంది. ఇప్పుడు మన పిల్లల పుణ్యమా అని మనం నేరుగా సముద్రం మీదికే పోతున్నాం.

చెల్లెలి ప్రశ్నకు జవాబు నా దగ్గర ఉంది. ఎందుకంటే 2019 డిసెంబరులో ఆ పాట్లు నేను స్వయంగా పడ్డాను.

అప్పుడు మా అమ్మాయీ, అల్లుడూ, ఐదేళ్ళ మనవడూ, నేనూ సింగపూరులో ఓడ ఎక్కాం. ఫుకెట్ దాకా పోయి రావడం, నాలుగు రాత్రులు. నా చేతిలో ఉన్నది బటన్ల ఫోను. సంచిలో మా అమ్మాయి వాడి నాకిచ్చిన ఈ-రీడర్. ఓడ ఎక్కే వరుసలో నిలబడి ఉండగా మా తమ్ముడు ఫోన్ చేశాడు.

"అక్కా, అమ్మ బచ్చలింట్లో కాలు జారి పడింది. తుంటి దగ్గర నొప్పి అంటాంది. కర్నూలుకు పిలుచుకుపోతాండాం. ఎక్స్‌రే తీయాలంట. నువ్వేం గాబరా పడొద్దు, మళ్ళా చేస్తా."

అంతే. మళ్ళీ చేసేలోపల ఓడ కదిలింది. రేవు దీపాలు కనపడినంతసేపు ఫోన్లో గీతలు ఉన్నాయి. తర్వాత ఒక్కొక్కటే పోయి ఖాళీ అయింది. మా అమ్మకు అప్పటికి ఎనభై రెండేళ్ళు. ఆ వయసులో తుంటి ఎముక విరిగితే ఏమవుతుందో మీకు చెప్పనక్కర లేదు. ఆ రాత్రి నేను కన్ను మూయలేదు.

పొద్దున్నే అమ్మాయికి చెప్పాను. దాని ఫోను సంగతి చూస్తే, ముందురోజు సాయంత్రమే మనవడు దాన్ని ఈతకొలనులో ముంచి తెచ్చాడు. అల్లుడేమో "ఫోను తెరిస్తే ఆఫీసువాళ్ళు వదలరు" అని గదిలోని బీరువాలో పెట్టి తాళం వేసేశాడు. అడిగితే ఇవ్వని మనిషి కాదు. కానీ ఏడాదికొకసారి దొరికిన సెలవు. నా కోసం ఆ తాళం తీయించడానికి నాకు మొహమాటం. అప్పుడు అమ్మాయే అంది, "అమ్మా, నీ పలకలో కూడా నెట్టు వస్తుంది కదే! ఓడలో వైఫై ఉంది. ఒకరోజు ప్యాకేజీ కొందాం."

కొన్నాం. ఒక పరికరానికి ఒకరోజుకు కట్టిన డబ్బుతో ప్రొద్దుటూరులో మా ఇంటి నెల పాలబిల్లు కట్టొచ్చు. పలకలో వైఫై వేస్తే ముందు ఓడవాళ్ళ పేజీ వచ్చింది. అది గది నంబరూ పుట్టినతేదీ అడుగుతుంది. ఆ పలక మీద ఒక్కో అక్షరం నొక్కితే, తెర ఒకసారి నల్లబడి, తెల్లబడి, అప్పుడు గానీ ఆ అక్షరం పడదు. కట్టెల పొయ్యి మీద పచ్చి కట్టె పెట్టి ఊదినట్టే ఉంది నా పని. మూడుసార్లు తప్పు పోయి నాలుగోసారి తలుపు తెరుచుకుంది.

వాట్సాప్ అందులో రాదు. ఈమెయిల్ మాత్రం, బొమ్మలూ హంగులూ లేని సాదా పద్ధతిలో తెరుచుకుంది. తమ్ముడి కొడుక్కు ఇంగ్లీషు అక్షరాలతోనే తెలుగులో రాశాను. "అవ్వకు ఎట్లుంది? వెంటనే రాయి."

గంటన్నరకు జవాబొచ్చింది. ఆత్రంగా తెరిచాను. అన్నీ డబ్బాలు!

పిల్లవాడు ముచ్చటగా తెలుగు లిపిలో రాశాడు. నా పలకకు తెలుగు అక్షరాలు తెలియవు. తెలియని ప్రతి అక్షరానికీ ఒక ఖాళీ డబ్బా పెట్టింది. మూడు వరుసల డబ్బాలు. వాటి మధ్యలో ఒకే ఒక అంకె మాత్రం స్పష్టంగా కనిపించింది. 6.

ఆరేమిటి? ఆరు గంటలకు ఆపరేషనా? ఆరు నెలలు మంచమా? ఆరు రోజులే అన్నారా? ఆ డబ్బాల వంక చూస్తూ నేను పడిన నరకం పగవాళ్ళకు కూడా వద్దు తల్లీ. ఇంటి నుంచి కబురు చేతికొచ్చింది, చదువుకునే రాత మాత్రం లేదు. "ఇంగ్లీషు అక్షరాల్లో రాయి నాయనా" అని మళ్ళీ పంపి, ఓడ మేడ మీద కుర్చీలో కూర్చున్నాను. చుట్టూ ఎంత దూరం చూసినా నీళ్ళే. తాగడానికి గుక్కెడు పనికిరావు. బిందె పట్టుకుని ట్యాంకరు కోసం నిలబడిన మనకు ఆ బాధ వేరే చెప్పాలా!

మధ్యాహ్నం మూడు దాటినాక వచ్చింది జవాబు. "అత్తా, ఎముకలో సన్న చీలిక మాత్రమే. ఆపరేషన్ వద్దన్నారు. 6 వారాలు పడుకోవాల. అవ్వ ఉగ్గాణి అడిగి పెట్టించుకుని తినింది. మీ అత్తకు ఓడలో సంగటి పెడతాండారా లేదా కనుక్కోమంది."

ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. అంత నొప్పిలోనూ మా అమ్మకు నా సంగటి గురించే!

ఇక అసలు సంగతికి వద్దాం. చెల్లెలు అడిగినట్టు ఈ-రీడర్‌తో ఓడలో నెట్టు వస్తుందా? వస్తుంది. అయితే అది సన్నటి దారం. దాని మీద బరువు వేయకూడదు.

ఎందుకంత నిదానం అంటారా? తీరం నుంచి కొన్ని పదుల కిలోమీటర్లు దాటితే నేల మీది టవర్లు అందవు. ఓడ నెత్తిన ఉన్న గొడుగుల్లాంటి యాంటెన్నాలు ఆకాశంలోని ఉపగ్రహంతో మాట్లాడాలి. పాత పద్ధతి ఉపగ్రహాలు దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటాయి. మన మాట అంత పైకి పోయి, కిందికి వచ్చి, జవాబు కూడా అదే దారిన రావాలి. పైగా ఓడలోని వేల మందికీ అదొక్కటే కొళాయి. 2022 నుంచి పెద్ద ఓడ కంపెనీలు కొన్ని, ఐదారు వందల కిలోమీటర్ల ఎత్తునే తిరిగే స్టార్‌లింక్ ఉపగ్రహాలకు మారాయి. అట్లాంటి ఓడల్లో వేగం బాగా పెరిగింది. కానీ ఓడ వేగం పెరిగినంత మాత్రాన మన పలక వేగం పెరగదు. అది చదువుకోవడానికి పుట్టిన వస్తువు.

ఇంకొక మాట. "పాత కిండిల్‌లో ఊరికే నెట్టు వచ్చేదంట" అని ఎవరైనా చెబితే, అది నిజమే కానీ పాత ముచ్చట. కిండిల్ మొదటిది 2007లో వచ్చింది. 2009లో మన దేశంతో సహా నూరుకు పైగా దేశాలకు అమ్మడం మొదలుపెట్టారు. 2010లో వచ్చిన బటన్ల కిండిల్‌లో 3జీ రకానికి సిమ్ము బిల్లు లేకుండానే నెట్టు అందేది. ప్రయాణాలు చేసేవాళ్ళు దాంతో రేవుల్లో దిగినప్పుడు ఉచితంగా మెయిళ్ళు చూసుకునేవాళ్ళు. అదీ రేవు దగ్గరే, నడిసముద్రంలో కాదు. 2021 చివరి నుంచి అమెరికాలో ఆ పాత నెట్‌వర్కులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. ఇప్పుడు ఆ ఆశతో పాత పలక కొనుక్కోవద్దు. అంతెందుకు, నన్ను ఆదుకున్న ఆ సాదా ఈమెయిల్ పద్ధతిని కూడా 2024లో ఆపేశారు. కాబట్టి మీ పలకలో మీ మెయిల్ తెరుచుకుంటుందో లేదో ఇంట్లోనే ఒకసారి చూసుకుని మరీ బయలుదేరండి.

బయలుదేరే ముందు ఈ పనులు చేసుకోండి.

పుస్తకాలన్నీ ఇంటి వైఫైలోనే దింపుకోండి. తర్వాత పలకను విమానం గుర్తు పద్ధతిలో పెట్టేస్తే చార్జింగు వారాల తరబడి వస్తుంది. ఎండలో కూడా అక్షరాలు కాగితం మీద ఉన్నట్టే కనపడతాయి.

తెలుగు పుస్తకాలు తెరిచి చూసుకోండి. 2016లో కిండిల్‌కు ఐదు భారతీయ భాషలు చేర్చినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం ఉన్నాయి గానీ మన తెలుగు లేదు. తెలుగు పుస్తకం పీడీఎఫ్ రూపంలో ఉంటే అక్షరాల రూపాలు మామూలుగా ఆ ఫైలులోనే ఉంటాయి కనుక డబ్బాల బెడద సాధారణంగా ఉండదు. కాకపోతే అక్షరం చిన్నదిగా ఉంటుంది. పలకను అడ్డంగా తిప్పుకుని చదవండి.

ఇంట్లోవాళ్ళతో ముందే ఒప్పందం చేసుకోండి. "ఫోటోలు వద్దు, వాయిస్ వద్దు. ఇంగ్లీషు అక్షరాల్లో నాలుగు ముక్కలు రాయండి" అని చెప్పండి. ఒక మెయిల్ పంపి, అది మీ పలకలో కనపడుతుందో లేదో ఇక్కడే పరీక్ష చేయండి. నేను చేయని పని అదే.

ఓడ పేరు, మీ గది నంబరు, ఓడ కంపెనీవాళ్ళ అత్యవసర ఫోన్ నంబరు ఒక కాగితం మీద రాసి ఇంట్లో క్యాలెండరు పక్కన అతికించండి. ప్రాణం మీదికి వచ్చిన కబురైతే ఏ పలకా అక్కర లేకుండా వాళ్ళే మీ గదికి తెచ్చి చెబుతారు.

ఫోనును కూడా విమానం గుర్తులోనే ఉంచండి. చాలా ఓడల్లో సొంత టవరు ఉంటుంది. మన ఫోను తనంతట తానే దాన్ని పట్టుకుందంటే, దిగినాక బిల్లు చూసి గుండె ఆగుతుంది.

బ్యాంకు పనులు, కరెంటు బిల్లు, చీటీ కంతు, అన్నీ ముందే ముగించండి. నడిసముద్రంలో ఓటీపీ రాదు. రేవుల్లో ఉచిత వైఫై దొరికినా దాంట్లో డబ్బు వ్యవహారాలు పెట్టుకోవద్దు.

ఓడలో వైఫై కొంటే, పని కాగానే లాగౌట్ నొక్కండి. ఒకసారికి ఒక పరికరమే పనిచేసే ప్యాకేజీ అయితే, మీరు బయటికి రానిదే ఇంకొకరి ఫోను లోపలికి పోదు.

సముద్రం దాకా ఎందుకు, శ్రీశైలం నుంచి నాగార్జునసాగర్ లాంచీ ఎక్కినా ఇదే కథ. నల్లమల కొండల నడుమ కృష్ణమ్మ మీద పోతుంటే ఫోన్లో గీతలు మాయమవుతాయి. అక్కడా ఈ జాగ్రత్తలే పనికొస్తాయి.

మనం కరువుసీమ ఆడవాళ్ళం. కొళాయి వచ్చినప్పుడే బిందెలు నింపుకోవాలని మనకు ఎవరూ నేర్పనక్కర లేదు. నెట్టు కూడా అంతే. ఇంట్లో ధారగా వచ్చేటప్పుడే పుస్తకాలు, మాటలు, ఒప్పందాలు నింపుకుని పోతే, ఓడలో దొరికే ఆ సన్న ధార ఒక్క మంచిమాటకు సరిపోతుంది.

మా అమ్మ ఆరు వారాలకు లేచింది. చేతికర్ర పట్టుకుని మెల్లగా నడిచింది. నేను నంద్యాల పోయి పక్కన కూర్చుంటే ఆమె అడిగిన మొదటి మాట, "ఇంతకీ సంగటి పెట్టినారా లేదా?"

"లేదు మా" అన్నాను.

"అందుకే చిక్కిపోయినావు" అని వంటింట్లోకి కేకేసి, మరదలితో ఎసరు పెట్టించింది.

చెల్లెలా, నువ్వు నిశ్చింతగా ఓడ ఎక్కు. వచ్చినాక కబుర్లు రాయి. తెలుగులోనే రాయి, నా దగ్గర డబ్బాలు పడవు!