62 అంకెకు ఇంత వణుకా?

ఆఫీసువాళ్ళు చేయించిన ఫుల్ బాడీ చెకప్ రిపోర్టు సాయంత్రానికి వాట్సాప్‌లో దిగుతుంది. బోలెడన్ని అంకెల మధ్య కళ్ళు ఒక్కచోటే ఆగుతాయి. ఎస్‌జీపీటీ 62, పక్కన లావుపాటి అక్షరాల్లో ‘హై’. ఉండాల్సింది 40 లోపు. రాత్రి పదకొండయ్యేసరికి గూగుల్ ఆ మనిషిని సిరోసిస్ దాకా తీసుకెళ్ళి వదిలేస్తుంది. తెల్లారేసరికి ఇంట్లో నూనె బంద్, కారం బంద్. ఊళ్ళో ఉన్న మేనమామ ఫోన్లో నేల ఉసిరి పసరు చెప్తాడు. మందుల షాపతను అడక్కుండానే లివర్ టానిక్ సీసా చేతిలో పెడతాడు. మందు వాసన కూడా గిట్టనివాడికైతే ఇంకో శిక్ష: ‘లివరా? ఎప్పట్నుంచి తాగుతున్నావురా?’

ఈ హడావిడికంతటికీ మూలం ఒకే నమ్మకం. అంకె గీత దాటిందంటే లివర్ పాడైనట్టే, మళ్ళీ గీత కిందికి దిగిందంటే బాగుపడినట్టే. ఇందులో మొదటి సగం ఎంత తప్పో రెండో సగమూ అంతే తప్పు. రెండోది ఇంకాస్త ప్రమాదం కూడా.

ముందు పేరు సంగతి చూద్దాం. ‘లివర్ ఫంక్షన్ టెస్ట్’ అంటారు గానీ, జనం హడలిపోయే ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీలు లివర్ పనితనాన్ని కొలవనే కొలవవు. కణాలకు దెబ్బ తగిలితే రక్తంలోకి కారే ఎంజైములవి. పని ఎలా సాగుతోందో చెప్పేవి అల్బుమిన్, రక్తం గడ్డకట్టే తీరు, కొంతవరకు బిలిరుబిన్. పైగా 1954లో అమెరికా వైద్యులు ఎస్‌జీఓటీని వెలుగులోకి తెచ్చింది గుండెపోటును గుర్తుపట్టడానికి. గుండెలోనూ కండరాల్లోనూ అది దండిగా ఉంటుంది మరి. కొత్తగా జిమ్‌లో చేరి బరువులెత్తినవాడి రక్తంలో ఈ రెండు ఎంజైములూ వారం దాకా ఎక్కువగా కనిపించవచ్చు. రోజుకు నాలుగు గ్రాముల చొప్పున పారాసెటమాల్ వేసుకున్న ఆరోగ్యవంతుల్లో మూడోవంతు మందికి పైగా ఎస్‌జీపీటీ మూడింతలు దాటిందని 2006లో ఒక అమెరికా అధ్యయనం తేల్చింది. ఒళ్ళు నొప్పులని వేసుకున్న మాత్రలు రిపోర్టు చూసే వేళకు ఎవరికి గుర్తుంటాయి?

ఇక ఆ గీత. దాన్ని దేవుడేమీ గీయలేదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ రక్తం తీసి, అందులో నూటికి 95 మంది పడే మేరను ‘నార్మల్’ అంటారు. అంటే ఏ రోగమూ లేని కొందరు గీతకు బయట ఉండి తీరతారు. అలాంటి పరీక్షలు డజను ఒకేసారి చేయిస్తే ఏదో ఒకటి తేడాగా రావడంలో వింతేముంది? ఒక ల్యాబు హద్దు 40, ఎదురు వీధి ల్యాబు హద్దు 55. రిపోర్టులో 50 వచ్చినవాడు రోడ్డు దాటితే చాలు, రోగం నయమైపోతుంది!

బిలిరుబిన్ కథ మరీ విడ్డూరం. నూటికి సుమారు ఐదుగురిలో అది పుట్టుకతోనే కాస్త ఎక్కువ. ఫ్రెంచి వైద్యుడు ఓగుస్తాఁ జిల్బేర్ 1901లో వర్ణించాడు కాబట్టి దాన్ని గిల్బర్ట్ సిండ్రోమ్ అంటున్నారు. దానికి మందు లేదు, అక్కర్లేదు కూడా. అయితే పస్తుంటే అది పెరుగుతుంది. మన చెకప్‌లన్నీ పరగడుపునే కదా! అలా కనిపించిన 1.8ని పచ్చకామెర్లుగా ఖాయం చేసి, మణికట్టు మీద వాత పెట్టించుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు.

‘భయం లేకపోతే జనం నిర్లక్ష్యం చేస్తారు’ అని వాదించేవాళ్ళుంటారు. వాళ్ళు చూడని సంగతేమిటంటే, భయపడ్డవాళ్ళే అసలు సంగతిని ఎక్కువగా నిర్లక్ష్యం చేస్తున్నారు. టానిక్ తాగుతూ నెల నెలా అదే పరీక్ష చేయించుకుని, అంకె ఐదు తగ్గితే మొక్కు తీర్చుకుంటారు. ఎందుకు పెరిగిందన్న ప్రశ్న అలాగే ఉండిపోతుంది. బ్రిటన్‌లో బర్మింగ్‌హామ్ పరిశోధకులు ఇలా తేడా వచ్చిన 1,290 మందిని వెంబడించి చూశారు. ప్రత్యేకమైన లివర్ జబ్బు దొరికింది ఐదు శాతం లోపు మందికే. కానీ నెల తర్వాత మళ్ళీ చేస్తే 84 శాతం పరీక్షలు తేడాగానే ఉన్నాయి. అందుకే బ్రిటన్ వైద్యుల మార్గదర్శకాలు ఊరికే మళ్ళీ మళ్ళీ పరీక్షించకండి, కారణం వెతకండి అంటాయి.

‘ఏం కాదులే, అందరికీ ఉండేదే’ అనే ఓదార్పు కూడా అంతే దండగ. 2025లో వెలువడిన ఒక అధ్యయనంలో హైదరాబాద్ ఐటీ ఉద్యోగులు 345 మందిని పరీక్షిస్తే 84 శాతం మంది లివర్‌లో కొవ్వు ఉంది. లివర్‌లో కొవ్వు పేరుకున్నా, కొందరిలో సిరోసిస్ దాకా ముదిరినా, ఎంజైములు గీతలోపే నిక్షేపంగా ఉండవచ్చు. అంకె శిక్ష వెయ్యలేదు, నిర్దోషి అనీ తేల్చలేదు. వయసు, రెండు ఎంజైములు, ప్లేట్‌లెట్ల సంఖ్య కలిపి వేసే ఫిబ్-4 అనే చిన్న లెక్క 1.3 లోపు వస్తే లివర్ బాగా మచ్చలు కట్టిందన్న భయం చాలామటుకు తీరుతుంది. అరవై అయిదు దాటినవాళ్ళకు ఆ హద్దు 2. పైసా ఖర్చు లేని ఆ లెక్క గురించి అడిగేవాళ్ళేరి? హెపటైటిస్ బి, సి ఉన్నాయేమో చూపించుకున్నవాళ్ళెందరు? సి ఉంటే చాలామందికి మూడు నెలల మాత్రలతో పోతుంది. బి రాకుండా టీకా ఉంది. దేశంలోనే తయారైన తొలి జన్యుసాంకేతిక బి టీకాను హైదరాబాద్ శాంతా బయోటెక్నిక్స్ 1997లోనే తెచ్చింది. కొవ్వు విషయంలో పనిచేసే వైద్యం మొరటుది: ఒంటి బరువులో పదోవంతు తగ్గడం. దానికి సీసా ఉండదు, అందుకే గిరాకీ లేదు.

గిరాకీ ఉన్నవాటి సంగతీ చూడండి. కామెర్లనగానే పట్టించే రోడ్డు పక్క చెరుకు రసంలో మురికి ఐసు పడితే హెపటైటిస్ ఎ, ఇ వచ్చేది ఆ దారినే. లివర్‌లో కొవ్వున్నవాడికి ఆ చక్కెర వేరే శత్రువు. కోవిడ్ కాలంలో తిప్పతీగ కషాయం తాగి లివర్ దెబ్బతిన్న 43 మంది వివరాలను హైదరాబాద్ వైద్యులు కూడా పాలుపంచుకున్న బృందం 2022లో ప్రచురించింది. అంతకు ముందు ముంబై వైద్యులు ఇదే మాట చెప్పినప్పుడు ఆయుష్ శాఖ ఒప్పుకోలేదు. అయినా రోగుల వివరాలు రోగులవే. లివర్‌ను కాపాడుకోవాలన్న కంగారులో లివర్‌కే దెబ్బ!

కళ్ళు పచ్చబడినా, మూత్రం ముదురు రంగుకు తిరిగినా, పొట్ట ఉబ్బినా, మాట తడబడినా, ఎంజైములు వందలు దాటి వేలల్లోకి పోయినా ఆ రోజే ఆసుపత్రికి పోవాలి. అక్కడ భయం న్యాయమే. 62 చూసి నిద్ర మానుకున్నవాళ్ళు మాత్రం డాక్టరు దగ్గరికి రిపోర్టు ఒక్కటే పట్టుకుపోవద్దు. ఇంట్లో ఉన్న నొప్పి మాత్రలు, ప్రొటీన్ డబ్బా, కషాయం పొడి, ఆ లివర్ టానిక్ సీసా కూడా సంచిలో వేసుకెళ్ళి ఆయన బల్ల మీద పెట్టండి.