కీప్ ఎట్: పట్టు విడువని మాట



ఆంగ్ల క్రియకు ఒక చిన్న పదం తోడైనంతనే అర్థం మారిపోవడం మన పిల్లలను తికమకపెడుతుంది. అరబ్బీ చదివినవారికి ఇది కొత్త కాదు. ‘రగిబ’ అనే క్రియకు ‘ఫీ’ చేరితే ‘ఆశించాడు’ అని అర్థం. ‘అన్’ చేరితే ‘విముఖుడయ్యాడు’ అని అర్థం. తెలుగులోనూ ‘పడు’ అనే క్రియ ఒకచోట ‘పాటుపడు’ అవుతుంది, మరొకచోట ‘వెనుకపడు’ అవుతుంది.

ఈ నెల మనం పరిశీలించే మాట ‘కీప్ ఎట్’. కష్టమైన పనిని, విసుగు కలిగినా విడువక సాగించడం దీని అర్థం. ఉర్దూలోని ‘లగే రహో’ దీనికి చాలా దగ్గర. ‘ఎట్’ తరువాత పని పేరు గానీ, ‘ఇట్’ గానీ రావాలి: ‘కీప్ ఎట్ ఇట్’. భూతకాలంలో ‘కెప్ట్ ఎట్’ అవుతుంది.

దీనిని ‘కీప్ ఆన్’తో కలిపివేయరాదు. మన వేమూరు ప్రాంతపు పసుపు చేనినే తీసుకోండి. నీటి మోటారు ఆగక తిరుగుతుంటే ‘ది మోటార్ కీప్స్ ఆన్ రన్నింగ్’ అంటాము. విత్తనం నాటిన నాటినుంచి 8, 9 నెలలు నీరూ కలుపూ చూసుకుని, తవ్విన కొమ్ములను ఉడికించి, ఎండబెట్టి, మెరుగుపట్టి, దుగ్గిరాల మార్కెట్ యార్డుకు చేర్చే రైతును గురించి మాత్రం ‘ది ఫార్మర్ కీప్స్ ఎట్ ఇట్’ అనాలి. మోటారుకు అలసట తెలియదు. అలసట తెలిసి కూడా పనిని వదలనివారికే ‘కీప్ ఎట్’ తగుతుంది.

మన ఇళ్లలో ఎక్కువగా వినిపించే ఆంగ్ల పదం ‘ట్రై’. ‘ట్రై చేస్తానండీ’ అంటే చాలాసార్లు ‘చేయను’ అని మర్యాదగా చెప్పడమే. ‘ఇన్షా అల్లాహ్’ అనే పవిత్ర వచనాన్ని సైతం కొందరు ఇలాగే వాడుతున్నారు, అది విచారకరం. ‘ట్రై’ ఒక్కసారితో ముగియవచ్చు. ‘కీప్ ఎట్’ రేపు కూడా ఆ పని వద్దకు రమ్మంటుంది.

పదో తరగతిలో ఇంగ్లీషు ఒక్కటి తప్పినందుకే ఆడపిల్లను ‘ఇక చాలు’ అని ఇంట కూర్చోబెట్టే కుటుంబాలు మనలో ఇంకా ఉన్నాయి. ఆమె తప్పింది ఒక్క సబ్జెక్టులోనే. ఫలితాల తరువాత అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ పరీక్ష ఉండనే ఉంది. అటువంటి ఇంటికి ఈ క్రియలోని రెండవ ప్రయోగం ఉపకరిస్తుంది. ‘కీప్’కూ ‘ఎట్’కూ నడుమ ఒక వ్యక్తిని చేర్చవచ్చు: ‘హర్ మదర్ కెప్ట్ హర్ ఎట్ హర్ బుక్స్’. తల్లి ఆమెను చదువు వదలనివ్వలేదని భావం. ఇక్కడ కర్త అమ్మాయి కాదు, తల్లి. అంటే పట్టుదల పిల్లల వంతు మాత్రమే కాదు. వారిని ఆ పనిలో నిలిపి ఉంచడం పెద్దల వంతు. మగ్రిబ్ తరువాత ఒక గంట అంట్లు, వంట ఆమెకు అప్పగించకండి. ఆ గంటలో ఆమె పది వాక్యాలు రాస్తే మీరు పక్కన కూర్చోండి. మీకు ఇంగ్లీషు రాకపోయినా కూర్చోవడం వచ్చు కదా.

పిల్లలకు అభ్యాసం: ‘వాన కురుస్తూనే ఉంది’, ‘అక్క లెక్కలను పట్టు విడువక సాధన చేసింది’. వీటిలో దేనికి ‘కీప్ ఆన్’, దేనికి ‘కీప్ ఎట్’ తగునో, ఎందుకో ఇంట్లో పెద్దలకు వివరించండి.